చైన్ సా: ఇంటి కట్టెకోతకు అందుబాటు ధర యంత్రం

నిర్వచనం, పరిధి

పళ్లున్న ఉక్కు గొలుసును చదునైన బద్ద చుట్టూ వేగంగా తిప్పి కొయ్యను కోసే చేతి యంత్రం చైన్ సా. ఆ బద్దను బార్ అంటారు. గొలుసును తిప్పే శక్తి పెట్రోలు ఇంజిను నుంచో, కరెంటు మోటారు నుంచో, బ్యాటరీ నుంచో వస్తుంది. పత్రికల్లో యంత్ర రంపం, విద్యుత్ రంపం అన్న పేర్లు కనిపిస్తాయి. హార్డ్‌వేర్ దుకాణాల్లో చెట్టు కోసే మిషన్, ఉడ్ కట్టర్ అని అడుగుతారు.

అడవి కోతకు, కలప వ్యాపారానికి వాడే పెద్ద యంత్రాలు ఈ వ్యాసం పరిధిలోకి రావు. ఏడాదికి కొన్నిసార్లు మాత్రమే కట్టెలు కోసుకునే ఇంటి యజమాని తక్కువ ఖర్చులో యంత్రాన్ని ఎలా ఎంచుకోవాలి, అసలు కొనాలా వద్దా అన్నవే ఇక్కడి విషయాలు. ఉదాహరణలు తూర్పు హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలవి.

చరిత్ర

గొలుసు రంపం మొదట కోసింది కొయ్యను కాదు, ఎముకను. స్కాట్లాండ్ వైద్యులు జాన్ ఐట్‌కెన్, జేమ్స్ జెఫ్రీ 18వ శతాబ్దం చివరలో కష్టమైన కాన్పుల్లోనూ, చెడిపోయిన ఎముకను తొలగించడానికీ వంగే గొలుసు రంపాన్ని రూపొందించారు. 1830 ప్రాంతంలో జర్మన్ వైద్యుడు బెర్నార్డ్ హైనె పిడి తిప్పితే గొలుసు తిరిగే ఎముకల రంపాన్ని తయారు చేశాడు. గొలుసు బద్ద చుట్టూ తిరిగే ఏర్పాటు అందులోనే ఉంది.

కొయ్య కోసే యంత్రంగా దీని చరిత్ర 1920ల జర్మనీలో మొదలైంది. ఆండ్రియాస్ స్టీల్ 1926లో స్టట్‌గార్ట్‌లో సంస్థను స్థాపించి, దుంగలను ముక్కలు చేసే విద్యుత్ రంపాన్ని తెచ్చాడు. ఎమిల్ లెర్ప్ 1927లో తురింగియాలోని డోల్మార్ కొండ మీద పెట్రోలు రంపాన్ని పరీక్షించాడు. ఆ కొండ పేరే తర్వాత ఆయన కంపెనీ పేరైంది. 1929 నాటి స్టీల్ పెట్రోలు యంత్రం బరువు 46 కిలోలు. దాన్ని మోయడానికి ఇద్దరు కావాలి. ఒక్కడే పట్టుకుని కోయగల స్టీల్ పెట్రోలు యంత్రం 1950లో వచ్చింది. 1959లో వచ్చిన కాంట్రా మోడల్‌లో గేర్లు లేకుండా ఇంజినే నేరుగా గొలుసును తిప్పింది. స్వీడన్ కంపెనీ హస్క్‌వార్నా తన మొదటి చైన్ సాను తెచ్చింది కూడా 1959లోనే.

ఇంజినుకన్నా పెద్ద మార్పు గొలుసులో వచ్చింది. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో కలప పని చేసే జోసెఫ్ బ్యూఫర్డ్ కాక్స్ 1946లో ఒక మొద్దులో కొయ్యపురుగు డింభకాన్ని గమనించాడు. దాని దవడలు కుడికీ ఎడమకీ మారి మారి కొరుకుతూ, గట్టి కొయ్యను అడ్డంగానైనా నిలువుగానైనా తినేస్తున్నాయి. కుడి పన్ను, ఎడమ పన్ను ఒకదాని తర్వాత ఒకటి వచ్చే చిప్పర్ గొలుసును ఆయన ఆ పోలికతో తయారు చేశాడు. మరుసటి ఏడాది పోర్ట్‌లాండ్‌లో మొదలైన ఆయన గొలుసుల కంపెనీయే నేటి ఆరెగాన్ బ్రాండు. నేటి గొలుసుల్లోనూ పళ్ల వరస కుడి, ఎడమలుగానే సాగుతుంది.

1970ల తొలి ఏళ్లలో చైన్ బ్రేకు వాడుకలోకి వచ్చింది (చూ. భద్రత).

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో కట్టెల అవసరం

లాల్ బహదూర్ నగర్ ఒకప్పుడు నగరం అంచున ఉన్న పురపాలిక. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల పురపాలికలను కలిపి గ్రేటర్ హైదరాబాద్ నగర పాలక సంస్థను ఏర్పాటు చేసినప్పుడు అది నగరంలో భాగమైంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా మెట్రో నడిచింది. పెంకుటిళ్లు, పెరళ్లు ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన దీపం పథకం, దేశమంతటా 2016లో మొదలైన ఉజ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకూ చేర్చాయి. రోజువారీ వంటకు కట్టెలు కొనే ఇల్లు ఇప్పుడు ఈ కాలనీల్లో అరుదు.

అయినా కట్టెల వాడకం పూర్తిగా పోలేదు. ఫంక్షన్ హాళ్ల వెనక వంట మాస్టర్లు గాడిపొయ్యి తవ్వి డేగిసాలు ఎక్కిస్తారు. కట్టెల పొయ్యి బిర్యానీ అని బోర్డు పెట్టిన హోటళ్లున్నాయి. భోగి నాడు కాలనీ కూడలిలో మంట వేయాలి. వేణ్నీళ్లకు రాగి బాయిలర్‌ను ఇంకా వాడే పాత ఇళ్లు కొన్ని మిగిలాయి. వీటికన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ఇబ్రహీంపట్నం, యాచారం, చౌటుప్పల్ వైపు చిన్న తోటో ఫామ్‌హౌసో కొనుక్కుని వారాంతాల్లో వెళ్లి వచ్చేవాళ్లు ఈ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. చైన్ సా కొందామని ఆలోచించేవాళ్లలో ఎక్కువమంది వీళ్లే.

కట్టె మూడు దారుల్లో వస్తుంది. మొదటిది గాలివాన. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట హఠాత్తుగా లేచే ఈదురుగాలికి తురాయి, పచ్చ తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు విరిగి పడతాయి. రోడ్డుకు అడ్డం పడ్డ చెట్లను విపత్తు స్పందన దళం యంత్ర రంపాలతో కోసి తొలగిస్తుంది. 2024 జులైలో హైడ్రా సంస్థ ఏర్పడ్డాక ఆ దళం దాని కిందికి వచ్చింది. ఇంటి ప్రహరీ లోపల పడినదాన్ని మాత్రం యజమానే చూసుకోవాలి. రెండోది తోటలో ఎండిన వేప, తుమ్మ, మామిడి. మూడోది, ఎల్.బి.నగర్ చుట్టుపక్కల ఎక్కడ చూసినా కనిపించే కొత్త కట్టడాల దగ్గర మిగిలే సెంట్రింగ్ చెక్క.

ఈ మూడో రకాన్ని చైన్ సాతో కోయడం ఖర్చుతో కూడిన పని. సెంట్రింగ్ బల్లలకు సిమెంటు పట్టి ఉంటుంది, విరిగిన మేకులు లోపలే ఉంటాయి. పదునైన గొలుసుకు ఒక్క మేకు తగిలితే పళ్ల మొన పోతుంది. సిమెంటు పొర మీద కొన్ని క్షణాలు ఆడించినా అంతే. పండ్ల మార్కెట్ చెక్కపెట్టెలదీ ఇదే కథ. కొత్తపేట గడ్డిఅన్నారం మార్కెట్ బాటసింగారానికి తరలిపోయే దాకా ఆ పెట్టెల చెక్క చుట్టుపక్కల పొయ్యిలకు సులువుగా దొరికే పుల్ల. అలాంటి పలుచని బల్లలకు మామూలు చేతి రంపమో, గుండ్రటి బ్లేడు కట్టరో చాలు. రోడ్డు పక్క వేపచెట్టు పడిపోతే దాని మొదట్లో కూడా మేకులు ఉండొచ్చు. కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ల ప్రకటన బోర్డులు కొట్టింది ఆ చెట్లకే.

పనితీరు

చిన్న పెట్రోలు చైన్ సాలో ఉండేది రెండు స్ట్రోకుల ఇంజిను. తాడు లాగితే అంటుకుంటుంది. మెల్లగా తిరుగుతున్నంతసేపూ గొలుసు కదలదు. యాక్సిలరేటర్ నొక్కి వేగం పెంచాక క్లచ్ విచ్చుకుని పళ్లచక్రాన్ని పట్టుకుంటుంది, గొలుసు పరుగెత్తుతుంది. నిమిషానికి పది వేల చుట్ల దగ్గర చిన్న యంత్రం గొలుసు వేగం సెకనుకు దాదాపు 19 మీటర్లు, అంటే గంటకు 70 కిలోమీటర్లకు దగ్గర.

గొలుసులో మూడు రకాల లింకులు ఉంటాయి. బార్ గాడిలో దిగి నడిచేవి డ్రైవ్ లింకులు, కోసేవి కట్టర్లు, రెంటినీ కలిపేవి పట్టీలు. ప్రతి కట్టరుకు ముందు చిన్న మెట్టులాంటి భాగం ఉంటుంది. పన్ను ఎంత లోతు దిగాలో నిర్ణయించేది అదే. పదును బాగుంటే రంపపు పొట్టు సన్నని పెళ్లలుగా రాలుతుంది. పిండిలా రాలుతోందంటే గొలుసు మొద్దుబారింది. చేతులతో నొక్కితే తప్ప కోయడం లేదన్నా కారణం అదే. చాలామంది దీన్ని ఇంజిను బలహీనత అనుకుని ఇంకా పెద్ద యంత్రం కోసం వెతుకుతారు.

చైన్ సా దుంగను అడ్డంగా ముక్కలు చేయడానికి పుట్టిన యంత్రం. పొయ్యికి కావలసిన చీలికలు దానితో రావు. ముక్కలు చేశాక చీల్చడానికి గొడ్డలి, ఇనుప చీలలు, సుత్తి తప్పవు. గాడిపొయ్యిలోకి మూడు నాలుగు అడుగుల కట్టెలు నేరుగా పోతాయి కాబట్టి అక్కడ కోత తక్కువ, చీల్పు ఎక్కువ. బాయిలర్‌కు, చిన్న పొయ్యికి అడుగు, అడుగున్నర ముక్కలు కావాలి కాబట్టి యంత్రం ఉపయోగం అక్కడ బాగా తెలుస్తుంది.

రకాలు

*వైరు ఉన్న కరెంటు రంపాలు.* ఇళ్ల కోసం అమ్మే వాటిలో 1,800 వాట్ల మోటారు, 12 నుంచి 16 అంగుళాల బార్ సాధారణం. బాష్, మకీటా వంటి కంపెనీలు వీటిని తయారు చేస్తాయి. 230 వోల్టుల మీద 1,800 వాట్లంటే దాదాపు 8 ఆంపియర్లు. అందుకే గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు సన్నగా ఉంటే అది వేడెక్కుతుంది, మోటారుకు వోల్టేజీ అందదు; 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు నయం. ఇంటి ఇన్వర్టర్ మీద ఇవి నడవవు. పెట్రోలు కలపడం, కార్బురేటర్ శుభ్రం చేయడం ఉండవు. ఏడాదికి రెండుసార్లు తీసేవాడికి ఈ సుఖం చిన్నదేమీ కాదు.

*పెట్రోలు రంపాలు.* ఇంటి స్థాయిలో 30 నుంచి 40 సీసీ, 12 నుంచి 16 అంగుళాల బార్. స్టీల్ ఎంఎస్ 180 (31.8 సీసీ), హస్క్‌వార్నా 120 మార్క్ 2 (38.2 సీసీ) ఈ తరగతివి. రెండూ ఇచ్చే శక్తి సుమారు 1.4 కిలోవాట్లే. సీసీ ఎక్కువైతే బలం ఎక్కువే అన్న లెక్క ప్రతిసారీ నిలవదని చూపడానికి ఈ జంట చాలు.

*బ్రాండు లేని 58 సీసీ యంత్రాలు.* ఆన్‌లైన్‌లోనూ, హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ 18, 22 అంగుళాల బార్‌తో ఎక్కువగా కనిపించేవి ఇవే. పది వేల రూపాయల లోపే వస్తాయి. వీటి గురించి కింద వివరంగా ఉంది (చూ. ఎంపిక).

*బ్యాటరీ రంపాలు.* 36 వోల్టులు, 4 ఆంపియర్ గంటల బ్యాటరీలో నిల్వ ఉండేది 144 వాట్ గంటలు. 1.4 కిలోవాట్ల చొప్పున లాగితే అది ఆరు నిమిషాల పని. నిజానికి యంత్రం కొయ్య మీద ఉన్నప్పుడే శక్తి ఖర్చవుతుంది కనుక కొమ్మలు కోయడానికి ఇంకొంత సేపు వస్తుంది. మొద్దుకు మాత్రం రాదు. నాలుగు, ఆరు అంగుళాల బార్‌తో వచ్చే చిన్న బ్యాటరీ రంపాలు కొమ్మలు కత్తిరించడానికి పనికొస్తాయి, కట్టెలకు కాదు.

*గ్రైండర్‌కు తగిలించే బార్.* నాలుగు అంగుళాల యాంగిల్ గ్రైండర్‌కు బిగించే చైన్ బార్ అన్నిటికన్నా చవక. గ్రైండర్ నిమిషానికి 11,000 చుట్ల దాకా తిరుగుతుంది. దానికి చైన్ బ్రేకు ఉండదు, వెనక చేతికి సరైన పిడి ఉండదు. ధర చూసి కొనకూడని వస్తువు ఇది.

ఎంపిక

ఎంపికలో మొదట తేలాల్సింది కోసే కట్టె లావు, కోసే చోట కరెంటు ఉందా లేదా అన్న రెండు విషయాలు. సీసీ ప్రస్తావన ఆ తర్వాతే రావాలి. చైతన్యపురిలోనో వనస్థలిపురంలోనో ప్రహరీ ఉన్న ఇంట్లో, ప్లగ్గుకు ఇరవై, ముప్పై అడుగుల దూరంలో పని ఉంటే వైరు రంపమే చవక. సద్దు కూడా తక్కువ. పెట్రోలు యంత్రం నడిపేవాడి చెవి దగ్గర శబ్దం వంద డెసిబెల్స్ దాటుతుంది. నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ అని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. గోడకు గోడ ఆనుకున్న కాలనీలో ఆదివారం పొద్దున పెట్రోలు రంపం తీస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు. యాచారం తోటలో కరెంటు నీళ్ల మోటారు దగ్గర మాత్రమే ఉంటే అక్కడ పెట్రోలు తప్పదు.

బార్ పొడవు కోయాల్సిన లావుకన్నా రెండంగుళాలు ఎక్కువ ఉంటే హాయి. లావు దుంగను రెండు వైపుల నుంచీ కోయొచ్చు కనుక 14 అంగుళాల బార్ ఇంటి కట్టెల్లో చాలావాటిని పూర్తి చేస్తుంది. 22 అంగుళాల బార్ పొడవాటి గొలుసును తిప్పాలి, ఎక్కువ నూనె తాగుతుంది, ముక్కు బరువుకు చెయ్యి వంగుతుంది. కొత్తగా పట్టుకునేవాడికి బార్ మొన ఎక్కడుందో కంటికి ఆనదు. కిక్‌బ్యాక్ ప్రమాదం (చూ. భద్రత) మొదలయ్యేది అక్కడే.

చవక 58 సీసీ యంత్రం విషయంలో తీర్పు అంత సూటిగా ఉండదు. దాన్ని కొని తుమ్మ మొద్దులు కోస్తున్న రైతులు, చెట్లు కొట్టే ముఠాలు తెలంగాణ అంతటా ఉన్నారు. విడిభాగాలు దాదాపు ఒకే నమూనావి కాబట్టి కార్బురేటర్, స్టార్టర్, క్లచ్ తక్కువ ధరకు దొరుకుతాయి. రాణిగంజ్ యంత్రాల దుకాణాలు తిరిగితే చాలా సరుకు కనబడుతుంది. పానా పట్టి విప్పి బిగించడం చేతనైనవాడికి అది నడుస్తుంది. మెకానిక్ దగ్గరికి మోసుకెళ్లేవాడికి మాత్రం మొదటి ఏడాదిలోనే లెక్క మారుతుంది. ఐదారు కిలోలు దాటే బరువు, ఎక్కువ కంపనం, నమ్మకంగా పట్టని చైన్ బ్రేకు ఈ తరగతిలో తరచూ కనిపించే లోపాలు. పేరున్న కంపెనీ 30 సీసీ యంత్రానికి దీనికి రెండు మూడింతలు పెట్టాలి. అది నాలుగు కిలోల చుట్టుపక్కల ఉంటుంది, గొలుసు ఎక్కడైనా దొరికే కొలతది అయి ఉంటుంది.

దుకాణంలో బ్రేకును పరీక్షించడం తేలిక. ముందు పిడి ఎదుట ఉన్న రక్షణ పట్టీని ముందుకు నెడితే టక్కుమని పడాలి, పడ్డాక గొలుసు చేత్తో లాగినా కదలకూడదు. అమ్మేవాడు ఇది చూపించలేకపోతే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయాలి.

ధరతో పాటు లెక్కపెట్టాల్సినవి చాలా ఉన్నాయి. రెండో గొలుసు, ఆకురాయి, చైన్ నూనె, టూటీ ఆయిల్, కళ్లద్దాలు, చెవి కప్పులు, బూట్లు, కాళ్ల రక్షణ కవచం. ఇవన్నీ కలిపితే చవక యంత్రం ధరలో సగానికి పైగా అదనంగా పోవచ్చు.

గొలుసు కొనేటప్పుడు మూడు సంఖ్యలు చెప్పాలి: పిచ్, గేజ్, డ్రైవ్ లింకుల సంఖ్య. పిచ్ చిన్న యంత్రాల్లో 3/8 అంగుళం లో ప్రొఫైల్, 58 సీసీ వాటిలో ఎక్కువగా 0.325 అంగుళం. గేజ్ అంటే డ్రైవ్ లింకు మందం; 1.1, 1.3, 1.5 మిల్లీమీటర్లలో వస్తుంది. బార్ మొదట్లో ఈ అంకెలు చెక్కి ఉంటాయి. 16 అంగుళాల గొలుసు కావాలని మాత్రమే అడిగితే ఇంటికొచ్చాక అది గాడిలో దిగకపోవచ్చు.

కొనుగోలా, కూలికా

ఏడాదికి ఒక చెట్టు పడే ఇంటికి సొంత యంత్రం అక్కర్లేదు. సొంత మిషన్లతో తిరిగే చెట్లు కొట్టేవాళ్లు ఈ ప్రాంతంలో ఉన్నారు. చెట్టుకింతని బేరం కుదుర్చుకుని, కోసి, చాలాసార్లు కట్టెను వాళ్లే తీసుకుపోతారు. కట్టె ఇంటివాళ్లకే కావాలంటే ఆ మాట బేరంలో ముందే చెప్పాలి, కూలి అప్పుడు పెరుగుతుంది. అడితిలో కట్టెలు క్వింటాళ్ల లెక్కన తూకానికి అమ్ముతారు. పచ్చి కట్టె బరువులో సగం దాకా నీరే ఉండొచ్చు కాబట్టి తూకానికి కొనేవాడు ఎండు కట్టె అడగడం మంచిది. చేతికి తేలిగ్గా ఉండి, రెండు ముక్కలు తట్టితే ఖంగుమని మోగితే అది ఎండినట్టు.

తోటలో ప్రతి ఎండాకాలం పది పదిహేను మొద్దులు కోసేవాడికి సొంత యంత్రం లాభమే.

కట్టె స్వభావం

నల్ల తుమ్మ, సర్కారు తుమ్మ, చింత గట్టివి. నిదానంగా కాలి మంచి నిప్పు ఇస్తాయి, గొలుసును త్వరగా అరగదీస్తాయి. వేప మధ్యరకం. సుబాబుల్, నీలగిరి, సర్వి నిటారుగా పెరుగుతాయి కాబట్టి కోయడం సులువు. మునగ, బూరుగు తేలిక కట్టెలు, మంట నిలవదు. తుమ్మను పచ్చిగా ఉన్నప్పుడే ముక్కలు చేయడం మేలు. ఎండితే అదే పనికి రెండింతల సమయం పడుతుంది. చీల్చి, నేలకు తగలకుండా ఎత్తు మీద పేర్చి, గాలి ఆడనిస్తే హైదరాబాద్ వేసవి ఆ కట్టెను తొందరగా ఆరబెడుతుంది. తేమ 20 శాతం లోపుకు దిగాక పొగ తగ్గుతుంది.

ఇంధనం, నూనె

పెట్రోలు యంత్రంలో ఒట్టి పెట్రోలు పోస్తే పిస్టన్ పట్టేస్తుంది. టూటీ ఆయిల్ కలపాలి. తయారీదారు 50కి 1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అంటే 40 మిల్లీలీటర్లు. ఏ పాళ్లో పుస్తకం చెప్పాలి తప్ప దుకాణదారు అంచనా కాదు.

దేశంలో ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. చిన్న ఇంజిన్ల పుస్తకాలు చాలావరకు 10 శాతమే పరిమితి అంటాయి. ఇథనాల్ గాలిలోని తేమను లాగుతుంది. ట్యాంకులో నెలల తరబడి ఉంటే నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది, రబ్బరు గొట్టాలు, కార్బురేటర్ పొరలు పాడవుతాయి. సంక్రాంతికి వాడి మళ్లీ మే నెలలో తాడు లాగితే యంత్రం అంటుకోకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన చుక్కలు అయిపోయి ఇంజిను ఆగేదాకా నడిపించాలి. కలిపిన పెట్రోలును నెలకు మించి దాచకూడదు. నగరంలో చాలా బంకులవాళ్లు ప్లాస్టిక్ సీసాల్లో పెట్రోలు పోయరు, కాబట్టి మూత బిగుతుగా ఉండే సరైన డబ్బా కావాలి.

బార్‌కు, గొలుసుకు వేరే నూనె, వేరే ట్యాంకు. పాత ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు విస్తారంగా ఉంది. అందులో లోహపు రజను ఉంటుంది, సన్నని పంపును మూసేస్తుంది. పైగా అది తుంపర్లుగా ఒంటి మీద, నేల మీద పడుతుంది.

భద్రత

చైన్ సా ప్రమాదాల్లో ప్రత్యేకమైనది కిక్‌బ్యాక్. బార్ మొన పైభాగం ఏదైనా కొమ్మకో దుంగకో తగిలితే గొలుసు అక్కడ పట్టుకుని, బార్ మొత్తం ఒక్కసారిగా పైకి, వెనక్కి, నడిపేవాడి ముఖం వైపు లేస్తుంది. రెప్పపాటులో జరిగే ఈ కదలికను చేతి బలం ఆపలేదు. అప్పుడు ముందు పట్టీ మణికట్టుకు తగిలి బ్రేకు పడుతుంది. ముందు పిడి చుట్టూ ఎడమ బొటనవేలు బిగించి పట్టుకోవడం, మొనతో కోయకపోవడం, భుజాల ఎత్తు దాటి యంత్రాన్ని ఎత్తకపోవడం, నిచ్చెన ఎక్కి కోయకపోవడం దీనికి నివారణలు.

లుంగీ, చెప్పులు, మెడలో కండువా, వేలాడే చున్నీ పనికిరావు. కాళ్ల కవచంలో పొడవాటి పీచు పొరలుంటాయి. గొలుసు తగిలితే ఆ పీచు పళ్లచక్రంలో చుట్టుకుని యంత్రాన్ని ఆపేస్తుంది. తిప్పే బలం ఎక్కువగా ఉండే కరెంటు రంపాన్ని అది ఆపుతుందన్న హామీ లేదు. అపార్టుమెంటు సెల్లార్‌లో పెట్రోలు యంత్రం నడపకూడదు, కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. వాన పడుతున్నప్పుడు కరెంటు రంపం తీయకూడదు.

తుపానుకు పడ్డ చెట్టు మామూలు కట్టె కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్నంలో, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానంలో వేల చెట్లను కూల్చినప్పుడు సహాయక బృందాలకు యంత్ర రంపాలే ప్రధాన పనిముట్లు. ఒకదాని మీద ఒకటి పడి వంగి ఉన్న మానుల్లో బిగువు ఉంటుంది. నొక్కుడు పడే వైపు కోస్తే బార్ ఇరుక్కుంటుంది, సాగే వైపు కోస్తే మాను ఎగిరి కొడుతుంది. వేళ్లతో సహా లేచిన చెట్టు మొదలు, మాను తెగగానే తిరిగి గుంటలోకి కూర్చుంటుంది. కొత్తవాళ్లు వీటి జోలికి వెళ్లకూడదు.

విద్యుత్ తీగల దగ్గరి కొమ్మలు దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది సరఫరా ఆపి కోయాల్సినవి. ఇంటి యజమాని యంత్రం అక్కడికి పోకూడదు.

చట్టం, అనుమతులు

నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వాల్టా చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. సొంత స్థలంలోదైనా సరే, నిలిచి ఉన్న చెట్టును కొట్టడానికి ముందుగా అనుమతి తీసుకోవాలి. చందనం, ఎర్రచందనం విషయంలో నియమాలు మరింత కఠినం. వనస్థలిపురం పక్కనున్న మహావీర్ హరిణ వనస్థలి జాతీయ వనం. అక్కడ ఎండు పుల్ల ఏరుకోవడం కూడా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమవుతుంది. యంత్రాన్ని కలిగి ఉండటానికే నమోదు తప్పనిసరి చేసిన దేశాలూ ఉన్నాయి: ఫిలిప్పీన్స్ 2002లో దీనికోసమే చైన్ సా చట్టం తెచ్చింది.

ప్రవాసులు, విదేశీ యంత్రాలు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల ఇళ్లలో చలికాచుకునే నిప్పుగూడు చాలాచోట్ల ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో మంచు తుపానుకు రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు కట్టెలున్న ఇళ్లకు అదే ఆధారమైంది. అక్కడ కట్టెల కొలత కార్డ్: నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, ఎనిమిది అడుగుల పొడవు పేర్పు, అంటే 128 ఘనపుటడుగులు.

అక్కడి నుంచి వచ్చేవాళ్ల పెట్టెలో చైన్ సా తెప్పించుకుంటే చవకన్న ఆలోచన దిల్‌సుఖ్‌నగర్ ఇళ్లలో అప్పుడప్పుడూ వస్తుంది. అమెరికా వైరు రంపం 120 వోల్టులది. ఇక్కడి 230 వోల్టులకు తగిలిస్తే కాలిపోతుంది. బ్యాటరీ ఛార్జరు సంగతీ చూసుకోవాలి. విమానంలో 100 వాట్ గంటలు దాటిన విడి లిథియం బ్యాటరీకి విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుడి సామానులో అసలు కుదరదు. ఒకసారి పెట్రోలు పోసి నడిపిన యంత్రాన్ని ఆవిరి మిగిలి ఉంటుందని ఎక్కించుకోరు.

నిర్వహణ

ట్యాంకు రెండు సార్లు నిండినంత పని అయ్యాక పదును చూసుకోవాలి. 3/8 లో ప్రొఫైల్ గొలుసుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 0.325 గొలుసుకు 4.8 మిల్లీమీటర్లది. ముందుకు తోసేటప్పుడే రాయాలి, 30 డిగ్రీల వాలు నిలపాలి, ప్రతి పన్నుకూ అన్నే తోపులు ఇవ్వాలి. ఒక వైపు పళ్లు పొట్టివైతే కోత వంకర పోతుంది. కొన్నిసార్లు పదును పెట్టాక కట్టర్ ముందున్న మెట్టును కూడా చదును ఆకురాయితో కొంచెం దించాలి, లేకపోతే పదునున్న పన్ను కూడా కొయ్యను అందుకోదు.

కొత్త గొలుసు మొదటి అరగంటలోనే సాగుతుంది. చల్లారాక బిగించాలి, వేడిగా ఉండగా బిగిస్తే చల్లబడి బార్‌ను నొక్కేస్తుంది. ఎయిర్ ఫిల్టర్‌ను పని అయిన ప్రతిసారీ దులపాలి. బార్ ఒకవైపే అరగకుండా అప్పుడప్పుడు తలకిందులు చేసి బిగించాలి. గాడిలో పేరుకున్న నూనె, పొట్టు ముద్దను సన్నని రేకుతో గీకేస్తే నూనె దారి తెరుచుకుంటుంది. తెల్ల కాగితం ముందు మొన ఉంచి యంత్రం నడిపితే సన్నని నూనె గీత పడాలి, పడకపోతే పంపు రంధ్రం మూసుకుందని అర్థం.